తమ్ముడికి రెండో ఖాతా

ప్రశ్న: ఇంటర్ చదివే మా తమ్ముడు ఫోన్లో షూటింగ్ ఆట బాగా ఆడతాడండి. అసలు ఖాతాలో పై ర్యాంకు. ఇప్పుడు వేరే పేరుతో ఇంకో ఖాతా తెరిచి కింది ర్యాంకు వాళ్ల మీద గెలుస్తున్నాడు. "నేనేం హ్యాక్ చేశానా, తప్పేంటక్కా?" అంటున్నాడు. ఏం చెప్పను? - ఓ అక్క, రాజోలు

జవాబు: తప్పే తల్లీ. దీన్ని స్మర్ఫింగ్ అంటారు. 1996లో వార్‌క్రాఫ్ట్ 2 ఆటలో, పేరు చూడగానే ఎదుటివాళ్లు పారిపోతున్నారని ఇద్దరు ఆటగాళ్లు స్మర్ఫ్ అనే కార్టూన్ బొమ్మల పేర్లు పెట్టుకున్నారు. అలా వచ్చిందా మాట.

గెలుపోటములను బట్టే ర్యాంకు కదా. కొత్త ఖాతా వెనకున్న చెయ్యి ఎంత తిరిగిందో ఆటకు మొదట్లో తెలీదు. తెలిసి పైకి నెట్టేలోపు కొందరు బలి. పైకి పోకుండా కావాలని ఓడేవాళ్లూ ఉన్నారు, అది మరీ అన్యాయం. నమ్మి కూడా ఆడే నలుగురూ మునుగుతారు.

అమలాపురంలో మా మేనల్లుడికి పన్నెండేళ్లు. మొన్న అరుగు మీద కూర్చుని వరసగా ఆరు ఆటలు ఓడాడు, ఏదీ రెండు నిమిషాలు నిలవలేదు. ఫోన్ చాప మీద బోర్లా పెట్టి, మాట్లాడకుండా కొబ్బరితోటలోకి వెళ్లిపోయాడు. ఆ మొహం నాకింకా కళ్లముందే ఉంది.

కంపెనీలూ ఊరుకోవడం లేదు. డోటా 2 అనే ఆటలో 2023 సెప్టెంబరులో 90,000 స్మర్ఫ్ ఖాతాలు మూసేశారు, అసలు ఖాతాల మీదా చర్య ఉంటుందన్నారు. తమ్ముడికి ఇది ముందు చెప్పు. తనకన్నా తక్కువ ఆడే స్నేహితులతో ఆడాలనుంటే ర్యాంకు లేని ఆటల్లో, అసలు పేరుతోనే ఆడమను.