పిట్‌బుల్ అంటూ అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు: ముందు టీకా పుస్తకం చూడండి

మీ కుక్క ‘కేంద్రం నిషేధించిన జాతి, వారంలో పంపేయండి’ అని కూకట్‌పల్లిలోని మీ అపార్ట్‌మెంట్ సంఘం నోటీసు ఇచ్చిందని, ఏం చేయాలో చెప్పమని టీకా పుస్తకం ఫొటో పెట్టి అడిగారు. ఆ నోటీసుకు మూలం 2024 మార్చి 12 నాటి కేంద్రం లేఖే అయి ఉంటుంది. పిట్‌బుల్, అమెరికన్ బుల్‌డాగ్, రాట్‌వైలర్ వంటి 23 రకాల కుక్కలపై వచ్చిన ఆ లేఖను ఢిల్లీ హైకోర్టు ఏప్రిల్ 16న కొట్టివేసింది.

1. టీకా పుస్తకంలో ‘జాతి’ అన్న చోట ఏం రాశారో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. వెడల్పాటి తల, పొట్టి వెంట్రుకలు కనబడగానే ‘పిట్‌బుల్’ అని రాసేస్తుంటారు. మీరు పెట్టిన ఫొటోలో నీలి సిరాతో ఉన్నదీ అదే! లాబ్రడార్, బాక్సర్ సంకరాలకూ అలాంటి తల వస్తుంది. మీ కుక్క తల్లిదండ్రులు ఏ జాతివో తెలియదన్నారు కాబట్టి ‘సంకరజాతి’ అని పశువైద్యుడి సంతకం, ముద్రతో సరిచేయించండి. నిజంగా పిట్‌బుల్ అని తేలితే మాత్రం మార్చవద్దు.

2. రేబిస్ టీకా వేయించి, సరిచేసిన పుస్తకంతోనే పురపాలక లైసెన్సు తీసుకోండి.

3. సంఘానికి రాతపూర్వకంగా జవాబివ్వండి. మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు కుక్కలను నిషేధించలేరని జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

లిఫ్టులో గొలుసు పొట్టిగా పట్టుకోండి. పిల్లలు భయపడితే తర్వాతి లిఫ్టు ఎక్కండి. కుక్కను మాత్రం దయచేసి ఎక్కడికీ పంపకండి.