సీటు సరే, జీతం ఏ పద్దు నుంచి?

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసింది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత వచ్చింది, నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాలేదు. నగరంలోనే ఒక యూనివర్సిటీలో ఎక్స్‌పెరిమెంటల్ ఫిజిక్స్‌లో సీటు ఇస్తామంటున్నారు. నెలనెలా డబ్బు తన ప్రాజెక్టు నుంచి ఇస్తానని గైడ్ గారు చెప్పారట. చేరమనాలా, ఏడాది ఆగి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నాకే చేరమనాలా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: గైడ్ గారి మాటలో అబద్ధం లేదు, అలాగని అది ఐదేళ్ల హామీ కూడా కాదు. పరిశోధనలకు కేంద్రం తరఫున డబ్బిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్ (మొన్నటి సెర్బ్) వంటి సంస్థలు ప్రొఫెసర్లకిచ్చే గ్రాంటు మామూలుగా మూడేళ్లకే. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ప్రయోగాలు చేసేవాళ్లకు ఐదేళ్లు పట్టడం మామూలే. పైగా గ్రాంటు గడువును అమ్మాయి చేరిన రోజు నుంచి కాదు, మంజూరైన నాటి నుంచి లెక్కేస్తారు. సగం గడిచిన ప్రాజెక్టులో చేరితే మిగిలేది ఏడాదిన్నర జీతమే. కోర్సు వర్కు (మొదట్లో ఉండే తరగతులు, పరీక్షలు) ముగిసి, పరికరం చేతికి అలవాటయ్యే వేళకు డబ్బు ఆగిపోతుంది.

కాబట్టి అడగాల్సింది ‘ఎంత ఇస్తారు’ అని కాదు. మంజూరు ఉత్తర్వు ఏ తేదీది, ఎప్పుడు ముగుస్తుంది, అందులో సిబ్బంది జీతాల పద్దు కింద ఎంత మిగిలింది? ఈ మూడూ అడగమనండి. పరికరాల పద్దులో లక్షలున్నా అనుమతి లేకుండా జీతానికి మళ్లించడం కుదరదు. మరో చిక్కుంది. మార్చి 31తో లెక్కలు మూసి, ఖర్చు చేసినట్టు ధ్రువపత్రం, ఆడిట్ లెక్క పంపితేనే తరవాతి వాయిదా వస్తుంది. ఆ కాగితం అకౌంట్స్ సెక్షన్‌లో ఆగితే ఏప్రిల్ జీతం జులైలో పడొచ్చు. ఎంత మంచి గైడైనా దీన్ని ఆపలేరు. మూడు నెలల ఖర్చు ఇంట్లో విడిగా ఉంచండి.

అదే జేఆర్‌ఎఫ్ అయితే డబ్బు ప్రాజెక్టుది కాదు, అమ్మాయిది. 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000, మొత్తం ఐదేళ్లు. ఇంటద్దె లెక్కకు కేంద్రం పెట్టిన తరగతుల్లో హైదరాబాద్ పై తరగతి (ఎక్స్) నగరం కనుక ఇంటద్దె భత్యం 30 శాతం, అంటే 37,000కు మరో 11,100. హాస్టల్లో ఉంటే అది రాదు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఫెలోషిప్ లేనివారికి యూజీసీ ఇచ్చే 8,000తో మెస్ బిల్లు కట్టుకోవచ్చేమో గానీ బతకడం కష్టం. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆ 8,000 పథకం కూడా లేదు.

నా సలహా: ప్రాజెక్టు గడువు రెండేళ్లు మిగిలి ఉంటే చేరమనండి, ఏడాదిలోపే ఉంటే వద్దు. చేరినా నెట్ వదలొద్దు. ఏటా జూన్, డిసెంబర్ విడతలున్నాయి కనుక రెండేళ్లలో నాలుగు అవకాశాలు. ఫిజికల్ సైన్సెస్ పేపర్లో 75 ప్రశ్నలిచ్చి 55 రాయమంటారు. 200 మార్కుల్లో సగం చివరి భాగమైన పార్ట్ సి లోనే, ఒక్కో ప్రశ్నకు 5. జేఆర్‌ఎఫ్ తప్పినవాళ్లు చాలామంది దీనికి టైమ్ మిగుల్చుకోరు. తప్పు రాస్తే పావు వంతు పోతుంది గనుక గుడ్డిగా గుర్తించడం నష్టమే. జేఆర్‌ఎఫ్ వచ్చాక ప్రాజెక్టు పోస్టు వదిలి అందులోకి మారాలి, రెండు చోట్లా తీసుకోకూడదు.

ఒకటి గుర్తుంచుకోండి. ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే నెట్ స్కోరు ఏడాదే చెల్లుతుంది, అదీ 70 శాతం వెయిటేజీతో. మిగతా 30 ఇంటర్వ్యూకు. ‘వచ్చే ఏడు చూద్దాం’ అంటే మళ్లీ పరీక్ష రాయాల్సిందే.

దగ్గర్లోనే ఇతర దారులున్నాయి. గోపన్‌పల్లిలోని టీఐఎఫ్‌ఆర్‌కు (టాటా మౌలిక పరిశోధన సంస్థ) సొంత ప్రవేశ పరీక్ష ఉంది. సీటు వస్తే ఫెలోషిప్ సంస్థే ఇస్తుంది, నెట్ అడగరు. కందిలోని ఐఐటీలో గేట్ లేదా నెట్ అర్హతతో టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరుకుతుంది. బదులుగా ల్యాబ్ క్లాసులు, పేపర్లు దిద్దడం వంటి పని చేయాలి. గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, నెట్‌తో సిలబస్ దాదాపు కలిసిపోతుంది గనుక విడిగా పెద్దగా చదవక్కర్లేదు.

గైడ్ సంగతీ చూడండి. ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు.

ఇక ల్యాబ్. మీ అమ్మాయి ఎంచుకున్నది ప్రయోగాల పని కనుక జీతం తరవాత పీహెచ్‌డీని ఎక్కువగా సాగదీసేది పరికరమే. తక్కువ ఉష్ణోగ్రతల పని అయితే 77 కెల్విన్‌కు (సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) ద్రవ నైట్రోజన్ చాలు, అది తేలిగ్గానే దొరుకుతుంది. 4 కెల్విన్‌కు ద్రవ హీలియం కావాలి, అది చాలా ఖరీదు. క్లోజ్డ్ సైకిల్ క్రయోస్టాట్ (లోపలి వాయువునే తిప్పుతూ శాంపిల్‌ను చల్లబరిచే యంత్రం) ఉంటే ద్రవ హీలియం అక్కర్లేదు గానీ, దాని కంప్రెసర్‌కు ఆగని కరెంటు, చల్లబరిచే నీళ్లు కావాలి. వార్షిక నిర్వహణ ఒప్పందం గడువు తీరిపోయి కంప్రెసర్ మూలపడితే ఆరు నెలలు తేలిగ్గా పోతాయి. యంత్రం ఆ ల్యాబ్‌దేనా, అందరూ వరస కట్టే ఉమ్మడిదా, శాంపిల్‌కు ఎంత తీసుకుంటారు, అది ఏ పద్దు భరిస్తుంది? ఇవన్నీ కనుక్కోవాలి.

ఇవి గైడ్ గదిలో అడగడానికి మొహమాటంగా ఉంటే, ఒక మధ్యాహ్నం ఆ ల్యాబ్ స్కాలర్లతో టీ తాగిరమ్మనండి. పోయిన ఏప్రిల్ జీతం ఏ నెలలో పడింది, క్రయోస్టాట్ చివరిసారి ఎప్పుడు నడిచింది? ఈ రెండింటికి వాళ్ల జవాబులు విన్నాకే సర్టిఫికెట్లు సమర్పించమనండి.