మా పాప డాక్టర్ చదువు వద్దంటోంది, ఎకాలజీ కావాలంటోంది

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. చేపల చెరువులే ఆధారం. 2006లో పర్యావరణం పేరుతో ప్రభుత్వం కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు చాలా పోగొట్టుకున్నాం. మా పాప బైపీసీ రెండో ఏడాది, నీట్ కోచింగ్ తీసుకుంటోంది. జువాలజీలో ఆహార వలలు, జాతుల వైవిధ్యం పాఠాలు చదివిన దగ్గర్నుంచి ఎకాలజీ చదువుతానంటోంది. ఆ మాట వింటేనే మా ఇంట్లో పడదు. అందులో ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల అడవుల వెంట తిరగాలా?

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది. కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు అనే గీత మీ ఊళ్లలో ఎన్ని ఇళ్లను కుదిపిందో తెలుసు. కానీ పాప అడుగుతున్న ఎకాలజీ ఆ గీత కాదు, జీవులకు ఒకదానితో ఒకటికీ, పరిసరాలతోనూ ఉన్న సంబంధాల చదువు. నిజం చెప్పాలంటే అది మీకు కొత్తదీ కాదు.

చెరువులో బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కలిపి వేయడం మీ పెద్దల నుంచీ ఉన్న పద్ధతి. బొచ్చె పైనీళ్లలో ప్లాంక్టన్, అంటే నీట తేలే సూక్ష్మజీవుల్ని తింటుంది. శీలావతి నడినీళ్లలో మేస్తుంది. మోసు అడుగున కుళ్లినదాన్ని ఏరుకుంటుంది. ఒకదాని మేతకు ఇంకొకటి పెద్దగా పోటీ పడదు కాబట్టి ఒకే ఎకరంలో మూడూ ఎదుగుతాయి. పాప పుస్తకం దీన్నే జీవసముదాయ నిర్మాణం అంటుంది. ఒకచోట ఏ జాతులున్నాయి, ఎన్నెన్ని ఉన్నాయి, ఏది ఎక్కడ బతుకుతుంది, ఏది దేన్ని తింటుంది అన్న లెక్క అది. చేపపిల్లల్ని తినే కొర్రమేను చొరబడితే మీరు కంగారుపడేది ఎందుకు? కొల్లేరు పక్షుల కేంద్రం ఆటపాకలో గూళ్లు కట్టుకున్న గూడబాతు (పెలికాన్) మీ చెరువు మీద వాలితే టపాకాయ పేల్చేది ఎందుకు? ఆహార వల మీ గట్టు దగ్గర ఆగదని మీకు తెలుసు గనకే.

వైవిధ్యం సంగతీ అంతే. రెండు చెరువుల్లో నాలుగేసి జాతులున్నాయనుకోండి. ఒకదాంట్లో నూటికి తొంభై శీలావతే, రెండోదాంట్లో నాలుగూ పాతికేసి. జాతుల లెక్క ఒకటే అయినా వైవిధ్యం ఒకటి కాదు. ఆ తేడాను ఒక్క అంకెలో చెప్పడానికి షానన్ సూచిక వాడతారు, అందులో లాగరిథమ్ వస్తుంది. ఈ మాట పాపకు తప్పకుండా చెప్పండి. లెక్కలు తప్పించుకోవడానికి బైపీసీ తీసుకుని ఉంటే, ఎకాలజీలో అవి మళ్లీ ఎదురొస్తాయి. స్టాటిస్టిక్స్ లేకుండా ఈ రంగంలో ఎవరూ నిలబడలేరు.

ఈ చదువు ఎందుకు కావాలో చెప్పడానికి నాకు రాబందులే గుర్తొస్తాయి. పశువుల నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్, చచ్చిన గొడ్డును తిన్న రాబందు మూత్రపిండాల్ని పాడుచేసింది. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. కళేబరాలు కుళ్లిపోయాయి, ఆ మేత దొరికి వీధికుక్కలు పెరిగాయి. గేదెకిచ్చిన సూదికీ, పిల్లాణ్ని కరిచే కుక్కకీ మధ్య ఉన్న దారం ఇది. దాన్ని పట్టుకున్నాకే 2006లో ఆ మందును పశువులకు వాడకుండా నిషేధించారు.

ఇక ఉద్యోగాలు. డిగ్రీ కాగానే జీతం రాదు, కనీసం పీజీ కావాలి. అంటే అయిదారేళ్ల ఓపిక. ఆపైన పరిశోధన వైపు వెళ్తే సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ఉంది, అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. పోర్టుకో గనికో అనుమతి కావాలంటే పర్యావరణ ప్రభావ నివేదిక ఉండాలి. అందులో జీవవైవిధ్యం భాగానికి గుర్తింపు ఉన్న నిపుణులు అవసరం. జువాలజీ, బోటనీ డిగ్రీతో యూపీఎస్సీ అటవీ సర్వీసు పరీక్ష రాయొచ్చు. అడవుల్లో తిరగడం గురించి మీ బెంగ సహజమే. ఫీల్డుకు సాధారణంగా ఒంటరిగా కాదు, జట్టుగా వెళ్తారు. పైగా తెచ్చిన లెక్కల్ని కంప్యూటర్ ముందు తేల్చడానికే ఎక్కువ కాలం పడుతుంది.

మన రాష్ట్రంలోనే మంచి చోటు తిరుపతి ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ, అక్కడ డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ నుంచి 15 చొప్పున. మ్యాథ్స్ పాపకు బరువే, ఇప్పట్నుంచే మొదలెట్టాలి. అది రాకపోయినా కొంపేం మునగదు. జువాలజీతో మామూలు డిగ్రీ చేసి, పీజీకి బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌కో, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థకో, పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికో ప్రయత్నించవచ్చు. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైతే ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్ఎస్సీ, అంటే చేపల పెంపకం నేర్పే డిగ్రీ ఉంది. మీ చెరువులకూ పాప ఇష్టానికీ మధ్య అదో దారి.

నీట్ ఈసారికి రాయనివ్వండి, చదివింది వృథా చేయొద్దు. ర్యాంకు రాకపోతే మాత్రం, మనసు లేని పిల్లను మళ్లీ ఏడాదిపాటు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టొద్దు. అది నా గట్టి మాట. ఇంకోటి కూడా చెప్పాలి. కొల్లేరులో నీరెంత ఉంటే చేపా, పక్షీ, రైతూ ముగ్గురూ బతుకుతారో లెక్కగట్టి చెప్పే మనిషి మీ ఊళ్లోంచే రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. ఆ గట్టు తెగిన ఇంటి పిల్లకు రెండు వైపుల బాధా తెలుసు.

అయితే ఇష్టం నిజమో, నీట్ మీద విసుగో ముందు తేల్చుకోండి. వారానికోరోజు తెల్లారగట్ల గంటసేపు పాపను మీ చెరువు గట్టు మీద కూర్చోమనండి. ఏ పక్షులు ఎన్ని వచ్చాయి, ఏం తిన్నాయి, తవుడు సంచుల దగ్గర ఏ చేప ముందు చేరింది, అన్నీ తేదీ వేసి రాయమనండి. ఎనిమిది వారాలు. మూడో వారానికే మానేస్తే మీకు జవాబు దొరికినట్టే. మానకపోతే ఆ నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి, ఐసర్ దరఖాస్తు పని అప్పుడు చూద్దాం.