నీకు ఏడే నియమాలు!

ప్రశ్న: క్యాంటీన్‌లో మటన్ బిర్యానీలో పెరుగు చట్నీ కలుపుకుంటుంటే, ఇజ్రాయెల్ నుంచి వచ్చిన యూదు సహోద్యోగి "నీకు పర్లేదు, మీకు ఏడే నియమాలు" అని నవ్వాడు. ఏమిటవి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మాంసం, పాలు కలపకూడదన్నది యూదులకున్న 613 ఆజ్ఞల్లోది. మిగతా మనుషులకు, అంటే బైబిల్ జలప్రళయంలో బతికి బయటపడ్డ నోవహు సంతతికి, యూదుల ధర్మగ్రంథం తల్మూదు ఏడే చెప్పింది. విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వావివరుసలు తప్పడం, దొంగతనం కూడదు, న్యాయస్థానాలు ఉండాలి. ఏడోది విచిత్రం: బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు. మీ బిర్యానీకి ఆ టెన్షన్ లేదు లెండి.

ఈ ఏడూ ఒప్పుకుని వాళ్ల దేశంలో ఉండే పరాయివాణ్ణి 'గేర్ తోషావ్' అంటారు. పూర్తిగా మతం మారితే 'గేర్ ట్సెదెక్'. అతనికి 613 తప్పవు. ఇంట్లో పూజగది ఉన్న నాకైతే మొదటిదాని దగ్గరే చిక్కు!