లిమిట్స్ ఫైల్‌లో నంబర్ పెంచినా యాప్ యూజర్‌కు అదే ఎర్రర్ వస్తుంటే

మీ లినక్స్ సర్వర్‌లో రూట్‌తో (అడ్మిన్ ఖాతా) అంతా బాగుంది, అప్లికేషన్ నడిపే యాప్ యూజర్‌తో మాత్రం ‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అనవెయిలబుల్’ (అంటే కొత్త ప్రాసెస్ పుట్టడం లేదని) వస్తోంది, యూజర్ల పరిమితులు రాసే లిమిట్స్.కాన్ఫ్‌లో స్టార్ గుర్తు (మామూలు యూజర్లందరూ) మీద ఎన్‌ప్రాక్ అనే లిమిట్ 65535 పెట్టినా మార్పు లేదు అన్నారు. రూట్‌కు రాకపోవడంలో వింతేం లేదు. ఆ లిమిట్‌ను కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) రూట్ మీద అమలు చేయదు, కాబట్టి రూట్‌తో టెస్ట్ చేసి లాభం లేదు.

సెంట్ఓఎస్ 7లో నాకూ ఇదే ఎదురైంది. మెమరీ బోలెడు ఖాళీ, సీపీయూ మీద లోడే లేదు. అయినా రూట్ నుంచి ఆ యూజర్‌కు ‘సు’ కమాండ్‌తో మారితే బ్యాష్ షెల్ కూడా లేవడం లేదు. ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో చూస్తే ఆ యూజర్ పేరిట పట్టుమని పది ప్రాసెస్‌లు లేవు. ఎన్‌ప్రాక్ అన్నది పేరుకే ప్రాసెస్‌ల లెక్క. లినక్స్ లెక్కపెట్టేది థ్రెడ్లను (ఒక ప్రాసెస్ లోపల విడివిడిగా నడిచే పనులను), అదీ ఆ యూజర్ ఐడీ కింద ఉన్నవన్నీ కలిపి. పీఎస్‌కు పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చేసరికి అసలు సంగతి బయటపడింది: జావా సర్వీస్ ఒక్కదాని థ్రెడ్లే ఆ యూజర్‌కున్న 4096 లిమిట్‌ను దాటేశాయి.

మరి జావా ఎందుకు ఆగలేదు? దాన్ని లేపింది సర్వీస్‌లను నడిపే సిస్టమ్‌డీ. అది లిమిట్స్.కాన్ఫ్‌ను చదవనే చదవదు, సర్వీస్‌కు వేరే పెద్ద లిమిట్ ఇస్తుంది. సు, ఎస్‌ఎస్‌హెచ్, క్రాన్ మాత్రం పామ్ (లాగిన్ సమయంలో లిమిట్స్.కాన్ఫ్‌ను చదివే భాగం) మీదుగా వచ్చి 4096కు కట్టుబడతాయి. లిమిట్ ఎవరిది వాళ్లదే, లెక్క మాత్రం అందరిదీ ఒకటే!

ఇక మీరు పెట్టిన 65535 ఏమైందంటే, సెంట్ఓఎస్ 7లో లిమిట్స్.డీ ఫోల్డర్‌లో 20-ఎన్‌ప్రాక్.కాన్ఫ్ అని ఇంకో ఫైల్ ఉంటుంది. అందులోని స్టార్ లైన్ సాఫ్ట్ లిమిట్‌ను (నిజంగా అమలయ్యే నంబర్‌ను) మళ్లీ 4096కు దించేస్తుంది. స్టార్ వదిలి యూజర్ పేరు మీదే లైన్ రాయండి, అది నిలబడుతుంది. తర్వాత కొత్తగా లాగిన్ అవ్వాలి, పాత సెషన్‌కు పాత నంబరే ఉంటుంది. సర్వీస్‌కైతే దాని సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో లిమిట్ఎన్‌ప్రాక్ మార్చి రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్‌కు వీల్లేకపోతే రూట్‌గా పీఆర్‌లిమిట్ కమాండ్ వాడితే నడుస్తున్న ప్రాసెస్‌కే మారుతుంది.

యులిమిట్ కమాండ్ చూపించేది మీ షెల్ సంగతే. ప్రాసెస్‌కు నిజంగా ఎంత ఉందో ప్రాక్ కింద దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఫోల్డర్‌లోని లిమిట్స్ ఫైల్‌లో చూడండి. అక్కడ నంబర్ సరిగానే ఉండి, థ్రెడ్లూ తక్కువే ఉంటే, కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘ఫోర్క్ రిజెక్టెడ్ బై పిడ్స్ కంట్రోలర్’ అని ఉందేమో వెతకండి. కొత్త డిస్ట్రోల్లో సిస్టమ్‌డీలోని టాస్క్స్‌మ్యాక్స్ అనే వేరే లిమిట్ ఇలా అడ్డుపడుతుంది, దానికి ఎన్‌ప్రాక్‌తో సంబంధం లేదు.

అన్‌లిమిటెడ్ మాత్రం పెట్టకండి. యాప్‌లో థ్రెడ్లు లీకవుతుంటే అప్పుడు సర్వర్ మొత్తం కూర్చుంటుంది.