కేబుల్ బిల్లు మిగిలినంత మాత్రాన టీవీ వాయిదా తీరదు

ప్రశ్న: హన్మకొండ నక్కలగుట్టలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ను. జీతం 32,000 రూపాయలు. ఏప్రిల్, మే నెలల్లో సగమే ఇస్తారు. అద్దె, బండి వాయిదా, అమ్మ మందులు అన్నీ కలిపి నెల ఖర్చు 26,000. బ్యాంకులో 7,000 ఉంది. మే నెలలో ఒక లోన్ యాప్‌లో 10,000 తీసుకుని, ఇప్పటికీ కొత్త అప్పుతో పాతది తీరుస్తూ వస్తున్నాను. కేబుల్‌కు నెలకు 350 కడుతున్నాం. ఇంట్లో పెట్టుకునే చిన్న యాంటెన్నాతో హెచ్‌డీ చానళ్లు ఉచితంగా వస్తాయని ఆన్‌లైన్‌లో చూశాను. కేబుల్ మానేసి, ఆ మిగులు ఆసరాతో 43 అంగుళాల టీవీని నో కాస్ట్ ఈఎంఐలో, నెలకు 2,500 చొప్పున 12 నెలలకు తీసుకుందామనుకుంటున్నాను. 1,500 రూపాయల యాంటెన్నా చాలా, లేక 3,500 పెట్టి బూస్టర్ ఉన్నది కొనాలా?

జవాబు: రెండూ కొనకండి. అమెరికా వంటి దేశాల్లో స్థానిక స్టేషన్లు హెచ్‌డీ ప్రసారాలను టవర్ల నుంచి నేరుగా ఇళ్లకు పంపుతాయి కాబట్టి అక్కడ కిటికీ పక్కన పెట్టే యాంటెన్నాకు పని ఉంది. మన దేశంలో టవర్ల ద్వారా టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. అది కూడా 2016లో డిజిటల్ ప్రసారాలను కొన్ని పెద్ద నగరాల్లోనే మొదలుపెట్టింది, వాటిలో వరంగల్ లేదు; పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లనేమో 2022 నాటికి దాదాపుగా మూసివేసింది. బూస్టర్ చేసేది అందిన సిగ్నల్‌ను పెంచడమే తప్ప, అందని సిగ్నల్‌ను పుట్టించడం కాదు.

నెలవారీ బిల్లు లేకుండా చూడాలన్నదే మీ ఉద్దేశమైతే దూరదర్శన్ ఉపగ్రహం ద్వారా ఉచితంగా చానళ్లు అందించే డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్షు, బాక్సు కలిపి ఒక్కసారి 2,000 రూపాయల దాకా అవుతుంది. హెచ్‌డీ కావాలంటే ఎంపెగ్-4 రకం (హెచ్‌డీ సిగ్నల్‌ను చదవగలిగే) బాక్సే అడగండి. ఆ ఉపగ్రహం వరంగల్ నుంచి ఆగ్నేయ దిక్కున బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి, మీ బాల్కనీ ఆగ్నేయానికి ఉన్నా పై అంతస్తు స్లాబు అడ్డు వచ్చే అవకాశం ఉంది. డిష్షును గ్రిల్ దాటి బయటికి బిగించాలి, లేదంటే డాబా మీద పెట్టుకోవడానికి ఇంటి యజమానినీ అపార్ట్‌మెంట్ సంఘాన్నీ ముందే అడగాలి. దూరదర్శన్ తెలంగాణ చానల్ డీడీ యాదగిరి వస్తుంది, కానీ అమ్మగారు రోజూ చూసే చానళ్లు ఉన్నాయో లేదో చానళ్ల జాబితా చూశాకే డబ్బు పెట్టండి.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం యాంటెన్నా కాదు. చిన్న ఖర్చు ఒకటి తగ్గుతుందని చూపించుకుని పెద్ద అప్పుకు మనసును ఒప్పించుకోవడం నా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాల్లో కనిపిస్తోంది. మీకు మిగిలేది 350, కట్టాల్సింది 2,500. మిగులు వాయిదాలో ఏడో వంతు కూడా లేదు. నో కాస్ట్ అన్న మాటనూ నమ్మకండి. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. అదే టీవీ నగదుకు ఎంతకిస్తారో దుకాణంలో అడగండి. 27,500కు ఇస్తానంటే, వాయిదాల్లో మీరు కట్టే 30,000లో దాగిన వడ్డీ ఏడాదికి దాదాపు 16 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం.

ఇక లోన్ యాప్ సంగతి. ఇంత చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్పే మీరు ఈ పని చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఇలాంటి యాప్‌లు 10,000 మంజూరు చేశామని చెప్పి, ఫీజుల పేరుతో కోసుకుని 8,600 చేతికిచ్చి, నెల తిరిగేసరికి 10,900 అడుగుతాయి. అంటే నెలకే 26 శాతం పైచిలుకు. దీన్ని తిప్పుతూ పోతే మీ జీతం చాలదు. నమోదైన రుణ యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైట్‌లో ఉంచుతోంది, మీది అందులో ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, బ్యాంకులోని 7,000కు ఈ నెల మిగులు కలిపి దాన్ని పూర్తిగా తీర్చి, బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఖాతా నుంచి డబ్బు కోసుకునే అనుమతిని బ్యాంకులో రద్దు చేయించాకే యాప్ తీసేయండి.

అసలు ఆ అప్పు ఎందుకు అవసరమైంది? మే నెలలో సగం జీతం వస్తుందని మీకు ముందే తెలుసు. అది ఆపద కాదు, ఏటా వచ్చే ఖర్చు. ఆ రెండు నెలల్లో నెలకు 10,000 చొప్పున లోటు 20,000. మిగతా పది నెలలు నెలకు 2,000 పక్కన పెడితే అది పూడుతుంది. మీ నెల మిగులు 6,000లో ఇది పోగా ఉండే 4,000 ఆపద నిధికి పోవాలి, దీన్ని వేసవి డబ్బుతో కలపకండి. ఏడు నెలల్లో ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని మూడు నెలలకు, అంటే 78,000కు తీసుకెళ్లాలి. టీవీ వాయిదా పెట్టుకుంటే ఈ 4,000 కాస్తా 1,500 అవుతుంది. 2023 జూలై వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి, 2025 అక్టోబరులో మొంథా తుపానుకు నగరం మళ్లీ మునిగిన సంగతి మీరు చూసినవే. మీరు మూడో అంతస్తులో ఉన్నా, కింద పార్కింగ్‌లో మీ బండి ఉంటుంది. అది నాలుగు రోజులు నీళ్లలో నానితే మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ అదే యాప్ నుంచా? ఈ నిధిని ఏటీఎం కార్డు, యూపీఐ లేని వేరే పొదుపు ఖాతాలో ఉంచండి.

ఆరోగ్య రక్షణను కూడా వాయిదా వేయకండి. రేషన్ కార్డు ఉంటే రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద 10 లక్షల దాకా వైద్యం దొరుకుతుంది. లేకపోతే అమ్మగారికి, మీకు పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. టీవీ కోసం చిట్టీ పాడే ఆలోచన ఉంటే మానుకోండి.

యాప్ బాకీ తీరిన మరుసటి నెలలో ఫ్రీ డిష్‌కు 2,000 పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. కొత్త టీవీ మాత్రం ఆపద నిధి 78,000కు చేరాక, అప్పటి మిగులుతో, నగదుకే కొనండి.