చేరదీసిన హోమ్‌కి ఇప్పుడు ఏం చేస్తే పనికొస్తుంది?

చిన్నప్పుడు ఇల్లు వదిలి వచ్చేస్తే ఒక పిల్లల హోమ్ వాళ్ళు చేరదీశారు, ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, వాళ్ళకి డబ్బు పంపాలా, వెళ్ళి పిల్లలతో గడపాలా అని మీరు అడిగారు. నాదీ ఇంచుమించు అదే కథ కాబట్టి రాస్తున్నాను.

2004లో నాకు పదమూడేళ్ళు. ఎరువుల కొట్లో కట్టి రమ్మని నాన్న ఇచ్చిన డబ్బు పోగొట్టుకుని, ఇంటికెళ్తే వీపు చీరేస్తాడన్న భయంతో ఒంగోలులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. విజయవాడలోనే ఎందుకు దిగానంటే ఆ బండి అక్కడితో ఆగిపోతుంది, అంతే. నాలుగు రాత్రులు ప్లాట్‌ఫారం మీద, ఖాళీ నీళ్ళ సీసాలు ఏరుకునే కుర్రాళ్ళతో పడుకున్నాను. ఐదో రోజు హోమ్ నుంచి ఒకన్న వచ్చి టీ, బన్ను ఇప్పించి, క్యారమ్స్ ఆడటం వచ్చా అన్నాడు. ఆ క్యారమ్ బోర్డు కోసం వెళ్ళినవాణ్ణి ఐదేళ్ళు ఉండిపోయాను. మధ్యలో రెండుసార్లు ఇంటికి పంపారు, రెండుసార్లూ తిరిగొచ్చేశాను, ఆ గొడవ ఇప్పుడెందుకులెండి. వాళ్ళే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివించారు, ఇప్పుడు మూసాపేటలో చిన్న ఏసీ రిపేరు షాపు ఉంది.

మొదటిసారి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు నేను చేసిన పని, అరవై బిర్యానీ ప్యాకెట్లు కట్టించుకుని ఆటోలో వేసుకుని వెళ్ళడం. పిల్లలు మొహమాటానికి తిన్నారు. ఆ వారంలో అప్పటికే ఎవరిదో పుట్టినరోజు భోజనం, ఇంకెవరిదో పెళ్ళిరోజు భోజనం అయిపోయాయట. వార్డెన్ సార్ నన్ను పక్కకి పిలిచి, ఒరేయ్, కూరా అన్నం ఎవరైనా పెడతార్రా, కరెంటు బిల్లు కడతామని ఒక్కడూ రాడు అన్నారు. అప్పట్నుంచి నెలనెలా ఎంతో కొంత అకౌంట్‌లో వేస్తున్నాను, దేనికి వాడాలో చెప్పను. జీతాలు, బస్సు పాసులు, గజ్జి మందులు, ఏదైనా కానీ. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటే విరాళానికి పన్ను మినహాయింపు రశీదు (80జి రశీదు అనేది) అడగండి, కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే మొత్తానికీ ఎందులోనూ రాదు.

పిల్లలతో గడపడం మంచిదే, కానీ ప్రతి నెలా వెళ్ళగలిగితేనే మొదలుపెట్టండి. మళ్ళీ ఆదివారం వస్తానని చెప్పి రానివాళ్ళని మనం అక్కడ ఎంతమందిని చూశామో మీకూ తెలుసు. ఇంకోటి, వాళ్ళతో ఫొటోలు దిగి స్టేటస్ పెట్టకండి. వాళ్ళు ఎవరో తెలిసేలా బయటపెట్టడం 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన ఫొటో అలా తిరిగితే మనకెలా ఉండేది?

నన్నడిగితే మీరు చూడాల్సింది పద్దెనిమిది నిండినవాళ్ళని. చిన్నపిల్లలంటే అందరికీ జాలి, మీసం వచ్చినవాడి మీద ఎవడికి ఉంటుంది చెప్పండి. బయటికొచ్చాక ఇరవై ఒక్క ఏళ్ళదాకా ఆఫ్టర్‌కేర్, అంటే నిలదొక్కుకునేదాకా ఆసరా, ఇవ్వవచ్చని ఆ చట్టంలోనే ఉంది, కేంద్రం పిల్లల పథకం మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 సాయమూ ఉంది, కానీ అది అందాలంటే కాగితాలు, కమిటీ ఆర్డరు, బ్యాంకు ఖాతా పట్టుకుని తిరగాలి, ఆ తిరగడానికి పక్కన ఒక పెద్దమనిషి కావాలి. హైదరాబాద్‌లో ఒంటరి కుర్రాడికి రూం దొరకడమే కష్టం. ఆధార్‌లో హోమ్ అడ్రస్ చూడగానే ఓనర్లు మీ అమ్మానాన్నలు ఎక్కడుంటారు అని మొదలుపెడతారు, నన్ను అలా వరసగా ఏడు ఇళ్ళ గుమ్మాల దగ్గర్నుంచే పంపించేశారు. రెండు నెలల అడ్వాన్సు కంటే, వీడు మావాడే, ఏదన్నా అయితే నాకు ఫోన్ చేయండి అనే మాట మనలాంటివాడు చెప్తే ఎక్కువ పని జరుగుతుంది. హోమ్‌కి ఫోన్ చేసి ఈ ఏడాది ఎవరెవరు బయటికొస్తున్నారో అడగండి. పోలీసు వెరిఫికేషన్ అడుగుతారు, మీరు అక్కడే పెరిగినా సరే అడుగుతారు, చిన్నబుచ్చుకోకండి.

నేను ఇప్పటికి ముగ్గురిని హెల్పర్లుగా పెట్టుకున్నాను. ఒకడు రెండో నెలే చెప్పకుండా వెళ్ళిపోయాడు, నా డ్రిల్లింగ్ మెషిన్ కూడా పట్టుకుపోయాడు, అలాంటివి అవుతాయి. ఒకడు సొంతంగా పని చూసుకున్నాడు. మూడోవాడి రూంకి నేనే పూచీ. పోయిన నెల ఓనరు ఫోన్ చేసి, మీ తమ్ముడు మోటారు ఆపకుండా పనికెళ్ళిపోయాడండీ, ట్యాంకు పొంగి మెట్లన్నీ నీళ్ళు అన్నాడు. వెళ్ళి ఆపేసి, ఆయనకి సారీ చెప్పి వచ్చాను.